తెగిన గాలిపటము

సంక్రాంతి దినములలో హైదరాబాదు పాతబస్తీలో ఒక మేడమీద నిలిచి చూచినచో ఆకాశమంతయు గాలిపటములతో నిండియుండును. ధూల్‌పేటలోను, గుల్జార్ హౌజు అంగళ్లలోను కొనితెచ్చిన పటములవి. ఒకడు పటము నెగురవేయును. వేరొకడు వెనుక నిలిచి చరఖా పట్టును. ఆ దృశ్యమును చూచినప్పుడెల్ల నాకొక చిన్న చలనచిత్రము జ్ఞప్తికి వచ్చుచుండును.

సత్యజిత్ రాయ్ 1964వ సంవత్సరమున అమెరికా టెలివిజను కొరకు తీసిన ఆ చిత్రము పేరు 'టూ', అనగా ఇద్దరు. అప్పటికి హైదరాబాదులో దూరదర్శన కేంద్రమే లేదు. అది 1977లో వచ్చినది. చిత్రము పావుగంటకు మించదు. అందు సంగీతమును, ధ్వనులును తప్ప ఒక్క మాటయు లేదు.

పెద్ద మేడలో ఒక ధనిక బాలుడు లెక్కలేనన్ని బొమ్మల నడుమ ఒంటరిగా నుండును. వెలుపల గుడిసె యొద్ద ఒక పేద బాలుడు పిల్లనగ్రోవి నూదును. ధనిక బాలుడు బొమ్మబాకా నూది ఆ నాదము నణచును. పేదవాడు డోలు తేగా, ఇతడు డోలు వాయించు మరకోతిని చూపును. తుదకు పేదవాడు గాలిపటము నెగురవేయగా, ఇతడు గాలితుపాకితో దానిని కూల్చి, గెలిచితినని బొమ్మల యొద్దకు మరలును. కాని పిల్లనగ్రోవి మరల వినబడును! ఇంతలో మరమనిషి బొమ్మ నడచివచ్చి, పేర్చిన గోపురమును పడద్రోయును.

పేదరికమే సుఖమని ఈ చిత్రము బోధించుచున్నదని కొందరనవచ్చును. నేనట్లు తలపను. చిరిగిన పటమును చేతబట్టుకొని వెడలు ఆ బాలుని ముఖమును చూచినవారు లేమిని సుఖమనజాలరు. పేదరికము తొలగవలసినదే. అయితే మేడలోని బాలునికి కొరవడినది బొమ్మ కాదు, తోడు. మెట్లు దిగి తలుపు తీసిన అదియు లభించెడిది.

పాతబస్తీ మేడలపైనను పటములు తెగును. కాని పేంచు వేయునప్పుడు ఇరువురి దారములును పెనగొనును. ఇరువురి పటములకును అపాయము సమానమే. అందుచేతనే ఓడినవాడు సైతము నవ్వుచు మరియొక పటమునకు దారము కట్టును. తుపాకి పట్టినవానికి పోగొట్టుకొనుటకేమియు లేదు. కావుననే వానికి ఆటలోని ఆనందమును దక్కలేదు.

బాలబాలికలారా! కోలాహలముతో నిండిన చిత్రములు మనకనేకము కలవు. మాటలులేని ఈ చిత్రమును ఒకమారు నిదానముగ చూడుడు. కూలిన బొమ్మల నడుమ కూర్చున్న ఆ బాలుడు ఏమి తలపోసెనో చిత్రము చెప్పదు. మరునాడు అతడు మెట్లు దిగెనా? ఆ ప్రశ్నకు బదులు మనమే చెప్పుకొనవలెను.