యెలపట వుంది, దాపట కావాలి

యీ సంచిక మీ చేతికి వచ్చేసరికి మన విద్యార్థి సంఘం సాంస్కృతిక విభాగం వొక నిర్ణయం తీసుకోవలసి వుంటుంది. సంగీత గదిలో యిప్పుడున్న కీబోర్డుకు తోడుగా యింకొక వాద్యం కొనాలని గదా తీర్మానం! ఆ డబ్బు మనందరి ఫీజుల్లోంచి పోగయింది. కనుక దాన్ని గురించి మాట్లాడే హక్కు, సంగీతం రాని నాలాంటి బీయస్సీ వాడికి కూడా వుందనే నా నమ్మకం. (సంగీతం రాదన్నాను గాని, రెండేళ్లుగా ఆ కీబోర్డు మోసిందీ, వైర్లు చుట్టిందీ నేనే.)

గదిలో యెక్కువమంది కోరుతున్నది యింకా పెద్ద కీబోర్డు. యింకా యెక్కువ స్వరాలు, యింకా యెక్కువ రిథమ్‌లు. నేను కోరేది చంకలో పెట్టుకుని దువ్వాడ స్టేషన్ దాకా నడిచిపోగల చిన్న సింథసైజర్. యెందుకో చెబుతాను.

మాది అనకాపల్లి దగ్గర పల్లె. చెరకూ, వరీ. నా చిన్నప్పుడు మా కాడిలో వొక ఎద్దు చచ్చిపోతే, జతకు యింకోటి కొనడానికి నాన్న నన్ను కూడా సంతకు తీసుకెళ్లాడు. మిగిలినది యెలపట ఎద్దు. అంటే కాడికి కుడిపక్క కట్టడానికి అలవాటు పడ్డది. సంతలో నా కళ్లు కొమ్ములకు రంగేసిన వొక భారీ ఎద్దు మీద పడ్డాయి. నాన్న దాని చుట్టూ తిరిగి వచ్చి, "అదీ యెలపటదేరా. రెండూ వొకేపు నడుస్తామంటే కాడి యేటవుద్ది? మనకి దాపటది కావాల" అని, అంతకంటే పొట్టి ఎద్దుని బేరమాడాడు. ఆ జత మా యింట చాలాకాలం దున్నింది.

మన కీబోర్డు యెలపటది. 61 మీటలు, వందల కొద్దీ స్వరాలు, మీట నొక్కితే తబలా, ఢోలక్, డ్రమ్స్. దాన్ని తక్కువ చేసి మాట్లాడను, అది లేకపోతే మన వార్షికోత్సవాలే లేవు. కాని దాంట్లోని స్వరాలన్నీ యెవరో యెక్కడో వాయించగా రికార్డు చేసి జ్ఞాపకంలో దాచినవి. మనం మీట నొక్కితే ఆ రికార్డు మోగుతుంది. యిలాంటిదే మరొకటి, దీనికంటే పెద్దది తెస్తే కాడికి రెండు యెలపట ఎద్దులు కట్టినట్టే.

నిరుడు వార్షికోత్సవంలో జరిగిందొకటి చెప్పాలి. మా క్లాసువాడొకడు మంచి డప్పు వాయిస్తాడు, మూడు వారాలు సాధన చేశాడు. ఆఖరి రోజున "కీబోర్డులో రిథమ్ వుందిగా, తాళం తప్పదు" అని అతన్ని కింద కూచోబెట్టాం. కూచోబెట్టినవాళ్లలో నేనూ వున్నాను. తాళం తప్పలేదు, నిజమే. కాని పాడే అమ్మాయి రెండో చరణంలో కాస్త నిదానించబోతే మిషను ఆగదు గదా, ఆమే పరుగెత్తవలసి వచ్చింది. కింద కూచున్నవాడి వేళ్లు మోకాలి మీద ఆమెతోపాటు నిదానించడం నేను చూశాను. యింకో వంద రిథమ్‌లు కొంటే యింకెంతమందిని కింద కూచోబెడతామో!

యిక సింథసైజర్ సంగతి. ఫిజిక్సు మిత్రులకు దీన్ని వివరించనక్కరలేదు. వొక ఆసిలేటర్ విద్యుత్ తరంగాన్ని పుట్టిస్తుంది. ఫిల్టర్ దానిలోని పై పౌనఃపున్యాలను కోసేస్తుంది. స్వరం యెంత వేగంగా లేవాలో, యెంత మెల్లగా చల్లారాలో మరొక భాగం నిర్ణయిస్తుంది. ప్రాక్టికల్స్‌లో మనం గీసే కెపాసిటర్ చార్జింగ్ వక్రరేఖకు అది దగ్గరి చుట్టమే. యివన్నీ గుండీల రూపంలో పైకే వుంటాయి. రికార్డు వుండదు, స్వరాన్ని మనమే వండుకోవాలి.

పెద్ద కీబోర్డు మీద చిన్న సింథసైజర్ పెట్టుకోవడం కొత్త ఆలోచనేమీ కాదు. 1970లో అమెరికాలో మినీమూగ్ వచ్చింది. 44 మీటలు, వొకసారికి వొక్క స్వరమే. అప్పటి వాద్యగాళ్లు దాన్ని తమ ఆర్గన్ మీద పెట్టుకుని, యెడమచేత్తో ఆర్గన్ మీద స్వరసముదాయాలూ, కుడిచేత్తో మినీమూగ్ మీద పాట వరసా వాయించారు. మనదేశంలో 1982లో చరణ్‌జిత్ సింగ్ అనే బొంబాయి సినిమా వాద్యగాడు పది రాగాలను డిస్కో తాళం మీద వాయించి రికార్డు వేశాడు. అందులో అతనికి వుపయోగపడిన వాటిలో రోలాండ్ టీబీ-303 వొకటి. బేస్ గిటార్‌కు బదులుగా తయారుచేసిన చిన్న పెట్టె. అదీ వొక్కసారికి వొక్క స్వరమే పలుకుతుంది, కాని వొక స్వరం నుంచి మరొక స్వరానికి జారగలదు. ఆ రికార్డు అప్పట్లో యెవరికీ పట్టలేదు. చాలా యేళ్ల తర్వాత ప్రపంచమంతా వెతుక్కుని విన్నది. మన తెలుగు సినిమాలో రాజ్-కోటిల దగ్గర కీబోర్డు వాయించిన కుర్రాడే 1992లో 'రోజా'తో ఏ.ఆర్. రెహమాన్‌గా దేశానికి తెలిశాడని అందరికీ తెలిసిందే.

ఆ జారడంలోనే అసలు విషయమంతా వుంది. మా వూళ్లో సన్నాయి వాయించే తాత వొకాయన వున్నాడు. కీబోర్డులో 'సన్నాయి' అని రాసివున్న స్వరాన్ని ఫోనులో రికార్డు చేసి సెలవుల్లో ఆయనకు వినిపించాను. సగం విని ఫోను తిరిగి యిచ్చేస్తూ, "గొంతు నాదేరా బాబూ, నడక నాది కాదు" అన్నాడు. రికార్డు చేసిన స్వరం వొక మెట్టు మీంచి యింకో మెట్టు మీదికి గెంతుతుంది. మన సంగీతం మెట్ల మధ్య నడుస్తుంది. కర్ణాటక సంగీతంలో జారు అనే గమకం పేరే ఆ మాట చెబుతోంది.

సింథసైజర్లో పోర్టమెంటో అనేదాన్ని తిప్పితే స్వరం జారుతుంది, పక్కన వున్న పుల్ల వంచితే స్వరం వంగుతుంది. చక్రం మన కీబోర్డుకూ వుంది గదా అంటారు. వుంది. దాన్ని తిప్పితే కుడిచేతి పాటతోపాటు యెడమచేతి స్వరసముదాయం కూడా వంగిపోయి, గ్రామఫోను ప్లేటు ఆగిపోతున్నట్టు వినిపించడం మనందరం విని నవ్వుకున్నదే. అందుకే వంగే వరస వేరే పెట్టెలో వుండాలంటున్నాను.

నేను చూసి, చదివి, స్నేహితుల దగ్గర మీటలు నొక్కి తేల్చుకున్నవి మూడు. యమహా రీఫేస్ సీఎస్, 2015లో వచ్చింది: 37 చిన్న మీటలు, తనలోనే స్పీకర్లు, యెనిమిది స్వరాలు వొకేసారి. ముచ్చటగా వుంటుంది. అయితే వండుకున్న స్వరాన్ని దాచుకునే చోటు దానిలో లేదు. స్టేజి మీద పాటకూ పాటకూ మధ్య మళ్లీ వండుకోవాలి. ఆర్టూరియా మైక్రోఫ్రీక్, 2019ది: మీటలు కదలవు, రేకు మీద వేలు ఆనించాలి. కొత్తవాళ్లకు అది కష్టం. మూడోది కోర్గ్ మోనోలాగ్, 2017 నాటిది. 25 సన్నని మీటలు, వొకసారికి వొకే స్వరం, స్వరాలు దాచుకునే జ్ఞాపకం, స్వరాన్ని వంచే పుల్ల. పైగా మీటల శ్రుతిని మనకు కావలసినట్టు సరిచేసుకోవచ్చు. (దాని మీటలు 'సి' నుంచి కాక 'ఇ' నుంచి మొదలవుతాయి. మొదటిరోజు నేను పది నిమిషాలు తికమకపడ్డాను.) నా వోటు దీనికి.

మన కార్యదర్శి అన్న దీనికి వెంటనే, "వొక్క స్వరం పలికే పెట్టెకి యిన్ని డబ్బులా తమ్ముడూ?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. కాని అన్నా, సన్నాయి వొకసారికి యెన్ని స్వరాలు పలుకుతుంది? వేణువు యెన్ని పలుకుతుంది? స్వరసముదాయాలకు మన పెద్ద కీబోర్డు వుండనే వుంది. దానికి వచ్చిన పనికే మళ్లీ డబ్బు పెట్టడం యెందుకు?

శ్రుతి సరిచేసుకోవచ్చు అన్నాను గాని అక్కడొక చిక్కు వుంది, దాచను. పియానో పద్ధతి కీబోర్డులో పన్నెండు స్వరాలు సమానంగా పంచబడి వుంటాయి. షడ్జమం 261.6 అనుకుంటే అంతర గాంధారం 329.6 దగ్గర పడుతుంది. అయిదుకు నాలుగు నిష్పత్తిలో పలికే గాంధారం మాత్రం 327.0 దగ్గర. సింథసైజర్లో దీన్నీ, కీబోర్డులో దాన్నీ వొకేసారి మోగిస్తే సెకనుకు రెండున్నర బీట్లు పైగా వినిపిస్తాయి, చెవిలో దోమ తిరిగినట్టు. కనుక అలాంటి పాటలకు కీబోర్డు మీద షడ్జమ పంచమాలు మాత్రమే పట్టుకోవాలి. యింకోటి, యిది అనలాగ్ యంత్రం. స్విచ్ వేసిన కాసేపటిదాకా శ్రుతి కదులుతుంది. పాటకు ముందు వేడెక్కనివ్వాలి.

రెండింటికీ కేబుల్ కలిపి వొకదానితో మరొకటి వాయించాలని కొందరి వుబలాటం. 1983లో మిడి వచ్చినప్పటి నుంచీ అది సాధ్యమే. అయితే మన కీబోర్డుకు కంప్యూటర్‌కు పెట్టే యూఎస్‌బీ తప్ప అయిదు సూదుల మిడి రంధ్రం లేదు. మధ్యలో కంప్యూటరో మరొక పెట్టో లేకుండా అవి రెండూ మాట్లాడుకోవు. మాట్లాడుకోనక్కరలేదు కూడా. రెండు వైర్లు మిక్సర్లోకి పోతే చాలు, మాట్లాడుకోవలసింది వాయించే యిద్దరు మనుషులు.

ధర మాటకొస్తే, బయటిదేశం సరుకు, నెలనెలా మారుతుంది. కమిటీవారు మూడు చోట్ల అడగాలి. పెద్ద కీబోర్డుకు అనుకున్న దాంట్లో యేమైనా మిగిలితే డప్పుకు వొక మంచి మైకు కొనమని నా మనవి.

చివరగా వొక విన్నపం. కమిటీ కూచునే రోజున కాగితాల మీద లెక్కలు చూసి వోటు వేయకండి. మా స్నేహితుడి దగ్గర మోనోలాగ్ వుంది, అడిగి తెస్తాను. వయొలిన్ వాయించే అక్కను వొక పావుగంట దానిమీద కూచోబెడదాం, పెద్ద కీబోర్డు పక్కనే. డప్పు వాయించే మా క్లాసువాణ్ని కూడా పిలుద్దాం. రిథమ్ మీటకు చెయ్యి తగలనివ్వకుండా వొక పాట మొత్తం వాయించి చూద్దాం. ఆ పూట కరెంటు పోయినా మోనోలాగ్‌కు బెంగలేదు, ఆరు చిన్న బ్యాటరీల మీద నడుస్తుంది. అవి నేను తెస్తాను.