ఓటమికి ఇల్జామ్ ఎవరి మీద? పాతబస్తీ లెక్కలు ఏం చెప్తున్నాయి

ఫలితాలు వచ్చిన మరుసటి రోజు పురానాపూల్ నుంచి యాకుత్‌పురా దాకా ఏ చాయ్ హోటల్లో కూర్చున్నా ఒకటే ముచ్చట. ఎవరి వల్ల ఓడిపోయాం? ఒకరు అంటారు, ఫలానా పార్టీ ఓట్లు చీల్చింది. ఇంకొకరు అంటారు, దొంగ ఓట్లు పడ్డాయి. మూడో ఆయన మొత్తం ఖౌమ్‌నే తిడతాడు, మనోళ్లు నిద్రపోయారు అని. సాయంత్రానికి లొల్లి ఇంటి గడప దాకా వస్తుంది. పక్కింటాయన వేరే పార్టీ జెండా పట్టుకున్నాడు కాబట్టి ఆయన గద్దార్ అయిపోతాడు.

బల్దియా ఎన్నికల మాట మళ్లీ వినబడుతోంది. మళ్లీ ఎవరో గెలుస్తారు, ఎవరో ఓడతారు, మళ్లీ ఇవే ఇల్జామ్‌లు వస్తాయి. అందుకే ఈ మూడు ఇల్జామ్‌లను ఒకసారి అంకెల ముందు పెట్టి చూద్దాం.

ఓట్లు చీల్చారన్న మాట

2023 నవంబర్ 30న జరిగిన అసెంబ్లీ ఎన్నికల్లో జూబ్లీహిల్స్ నుంచి కాంగ్రెస్ తరఫున మొహమ్మద్ అజారుద్దీన్ పోటీ చేశారు. బీఆర్ఎస్ అభ్యర్థి మాగంటి గోపీనాథ్‌కు 80,549 ఓట్లు, అజారుద్దీన్‌కు 64,212 ఓట్లు వచ్చాయి. తేడా 16,337. మజ్లిస్ అక్కడ అభ్యర్థిని నిలబెట్టడం వల్లే అజారుద్దీన్ ఓడారని చాలామంది ఇప్పటికీ అంటారు. సరే, లెక్క చూడండి. మజ్లిస్ అభ్యర్థికి వచ్చినవి 7,848 ఓట్లు. అవన్నీ, ఒక్కటీ వదలకుండా, అజారుద్దీన్‌కే పడ్డాయని అనుకున్నా ఆయన మొత్తం 72,060 దగ్గర ఆగుతుంది. ఇంకా 8,489 ఓట్ల వెనకే ఉంటారు.

గోషామహల్‌లో రాజాసింగ్ మీద అభ్యర్థిని పెట్టని మజ్లిస్ ఇక్కడెందుకు పెట్టిందని కాంగ్రెస్ నాయకులు అడిగారు. అది అడగాల్సిన ప్రశ్నే, మజ్లిస్ జవాబు చెప్పాల్సిందే. కానీ అది నీయత్ మీద ప్రశ్న. ఓటమికి కారణం అదే అనడం వేరే మాట, దానికి అంకెలు సాక్ష్యం ఇవ్వడం లేదు.

గోపీనాథ్ మరణం తర్వాత 2025 నవంబర్ 11న అదే సీటుకు ఉప ఎన్నిక జరిగింది. ఈసారి మజ్లిస్ పోటీలో లేదు, కాంగ్రెస్ అభ్యర్థి నవీన్ యాదవ్‌కు మద్దతు ఇచ్చింది. 2014లో పతంగి గుర్తు మీద ఇక్కడే పోటీ చేసి రెండో స్థానంలో నిలిచింది కూడా ఈ నవీన్ యాదవే. ఈసారి 24,729 ఓట్ల మెజారిటీతో గెలిచారు. చూశారా, మజ్లిస్ తప్పుకుంది కాబట్టి గెలిచింది అనొచ్చు. కానీ 2023లో మజ్లిస్‌కు వచ్చిన ఓట్లకు ఇది మూడు రెట్లు. రాష్ట్రంలో ప్రభుత్వం మారింది, అభ్యర్థి మారాడు, ఎన్నికకు ముందే అజారుద్దీన్ మంత్రి అయ్యారు. ఒక్క కారణంతో తేలే లెక్క కాదు ఇది.

ఇంకో సంగతి. ఒక ఊళ్లో ఈ ఇల్జామ్ మోసినవాళ్లే మరో ఊళ్లో అదే ఇల్జామ్ వేస్తారు. 2024లో మహారాష్ట్రలోని ఔరంగాబాద్ ఈస్ట్‌లో మజ్లిస్ అభ్యర్థి ఇంతియాజ్ జలీల్ 2,161 ఓట్లతో బీజేపీ చేతిలో ఓడారు. అక్కడ ఓట్లు చీలాయని బాధపడింది మజ్లిస్ వాళ్లు. బీహార్‌లో 2020లో 5 సీట్లు గెలిచినప్పుడు ఓట్లు చీల్చారన్న మాట పడింది మజ్లిసే. 2025లో కలిసి పోటీ చేద్దామని వాళ్లు అడిగినా మహాగఠ్‌బంధన్ ఒప్పుకోలేదు. మజ్లిస్ మళ్లీ 5 గెలిచింది, మహాగఠ్‌బంధన్ 35కు పడిపోయింది. పొత్తు ఎన్నికల ముందు మాట్లాడుకునే విషయం. ముందు తలుపు మూసేసి, ఓడిన తర్వాత ఓటరును తిట్టడంలో ఇన్సాఫ్ లేదు.

యాకుత్‌పురాలో 878

నిజంగా గుండె మండే లెక్క మన దగ్గరే ఉంది. 2023లో యాకుత్‌పురాలో మజ్లిస్ అభ్యర్థి జాఫర్ హుస్సేన్ మెరాజ్‌కు 46,153 ఓట్లు, ఎంబీటీ అభ్యర్థి అంజదుల్లా ఖాన్‌కు 45,275 ఓట్లు వచ్చాయి. తేడా 878. ఒక 440 మంది అటు నుంచి ఇటు మారి ఉంటే ఫలితమే వేరు. 2018లో ఇదే సీటును మజ్లిస్ 46,978 ఓట్ల తేడాతో గెలుచుకుంది.

ఇక్కడ ఓడినవాళ్లు కాంగ్రెస్ వల్ల పోయిందనొచ్చు, బీఆర్ఎస్ వల్ల పోయిందనొచ్చు. ఆ ఇద్దరికీ 878 కంటే చాలా ఎక్కువే వచ్చాయి. కానీ ఇంకో అంకె ఉంది. ఆ ఎన్నికల్లో రాష్ట్రమంతా 71 శాతం దాటి పోలింగ్ జరిగితే యాకుత్‌పురాలో దాదాపు 40 శాతమే. రాష్ట్రంలో అన్నింటికంటే తక్కువ. మూడు లక్షలకు పైగా ఓటర్లున్న చోట, తక్కువలో తక్కువ లక్షా 80 వేల ఓట్లు పడనే లేదు. 878 ఎక్కడ, లక్షా 80 వేలు ఎక్కడ!

అయితే వెంటనే "మనోళ్లు నిద్రపోయారు" అనకండి. ఆ జాబితాలో ఇంతికాల్ అయినవాళ్ల పేర్లుంటాయి. అద్దెలు కట్టలేక షాహీన్‌నగర్, పహాడీషరీఫ్ వైపు వెళ్లిపోయినవాళ్లు ఉంటారు. పెళ్లై వేరే ఊరికి వెళ్లిన ఆడపిల్లలు ఉంటారు. జెద్దాలో, దుబాయ్‌లో పనిచేసే కొడుకుల పేర్లు ఉంటే, వాళ్లు అక్కడ నుంచి ఓటు వేయలేరు, ఇక్కడికి వచ్చి వేయాల్సిందే. రోజు కూలీ పోతుందని భయపడేవాళ్లు కూడా ఉంటారు. జాబితా బాగుచేయించడం, ఇంటింటికీ వెళ్లడం పార్టీల జిమ్మేదారీ. నాలుగేళ్ల పదకొండు నెలలు కనబడకుండా ఆఖరి పదిహేను రోజులు పాదయాత్ర చేసినవాళ్లకు ఓటరును తిట్టే హక్కు లేదు.

పక్కనే నాంపల్లి చూడండి. ఫిరోజ్ ఖాన్ అక్కడ 2014లో దాదాపు 17 వేల ఓట్లతో, 2018లో 9,675తో, 2023లో 2,037తో ఓడారు. మూడుసార్లూ ఓటమే. కానీ తేడా ప్రతిసారీ తగ్గుతూ వచ్చింది. ఆయన రాజకీయం మీకు నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు. ఓడినా అదే బస్తీని వదలకుండా ఉంటే ఏం జరుగుతుందో ఈ మూడు అంకెలు చూపిస్తున్నాయి.

దొంగ ఓట్లు పడితే

ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. మన పురానాపూల్‌నే తీసుకోండి. 2016 ఫిబ్రవరి 2న బల్దియా పోలింగ్ రోజు జరిగిన గొడవలు, ఫిర్యాదుల తర్వాత రాష్ట్ర ఎన్నికల సంఘం ఈ డివిజన్‌లో ఫిబ్రవరి 5న రీపోలింగ్ పెట్టింది. రీపోలింగ్‌లో కూడా గెలిచింది మజ్లిస్ అభ్యర్థి సున్నం రాజ్‌మోహనే. ఫలితం మారలేదు, కానీ ఫిర్యాదుకు విలువ ఉందని తేలింది. ఈ డివిజన్‌లో మజ్లిస్ నిలబెట్టింది హిందూ అభ్యర్థిని, జనం గెలిపించారు. ఓటరు మతం చూసి గుడ్డిగా వేస్తాడనేవాళ్లు దీన్నీ గుర్తుపెట్టుకోవాలి.

దొంగ ఓటు మీద మైకులో అరవడం ఒకటి, కాగితం మీద పెట్టడం ఇంకొకటి. మీ పేరు మీద ఎవరో ఓటు వేసేశారని తెలిస్తే ఇంటికి తిరిగి రాకండి. ప్రిసైడింగ్ ఆఫీసర్‌ను టెండర్ ఓటు అడగండి, అది మీ హక్కు. మీరు వేసిన ఆ బ్యాలెట్ విడిగా కవర్లో ఉంటుంది, కోర్టుకు వెళ్తే సాక్ష్యం అవుతుంది. అనుమానం ఉన్న ఓటరు మీద పోలింగ్ ఏజెంట్ అక్కడికక్కడే అభ్యంతరం పెట్టొచ్చు. పోలింగ్ ముగిశాక ఎన్ని ఓట్లు పడ్డాయో రాసిన 17సి ఫారం కాపీ ఏజెంట్ చేతికి వస్తుంది. అసెంబ్లీ, లోక్‌సభ ఫలితం మీద 45 రోజుల్లోగా హైకోర్టులో పిటిషన్ వేయొచ్చు, అభ్యర్థే కాదు, ఆ నియోజకవర్గం ఓటరు కూడా వేయొచ్చు. సగం బూతుల్లో సాయంత్రం దాకా ఏజెంటే లేని అభ్యర్థి రిగ్గింగ్ జరిగిందంటే, రుజువు ఎక్కడ నుంచి తెస్తాడు?

మరి మనం ఏం చేయాలి

ఓటమికి మొదటి హిసాబ్ ఇవ్వాల్సింది అభ్యర్థి, ఆయన పార్టీ. ఎన్ని బూతుల్లో ఏజెంట్లున్నారు, ఎన్ని పేర్లు జాబితాలో చేర్పించారు, పొత్తు కోసం ఎవరితో మాట్లాడారు, ఏ గల్లీకి అసలు వెళ్లలేదు. ఇవి అడగండి. అడిగితే కోపం వస్తుంది, రానివ్వండి.

మన వంతు పని చిన్నదే. ఈ శుక్రవారం జుమా తర్వాత ఒక గంట కూర్చుని మీ ఇల్లు, ఇరుగుపొరుగు కలిపి పది ఇళ్ల పేర్లు ఓటరు జాబితాలో చూడండి. పద్దెనిమిది నిండినవాళ్ల పేరు చేర్చడానికి ఫారం 6, ఇంతికాల్ అయినవాళ్ల పేరు తీయించడానికి ఫారం 7, ఇల్లు మారితే, స్పెల్లింగ్ తప్పుంటే ఫారం 8. మీ బూత్ బీఎల్‌ఓ దగ్గర ఇవ్వొచ్చు, ఆన్‌లైన్‌లోనూ పెట్టొచ్చు. పాస్‌పోర్టులో ఒక స్పెల్లింగ్, ఓటరు కార్డులో ఇంకో స్పెల్లింగ్ మన ఇళ్లలో మామూలే. బీహార్‌లో 2025లో జరిగిన జాబితా సవరణ చూసిన తర్వాత కూడా దాన్ని వదిలేయడం మంచిది కాదు.

ఇక పక్కింటి భాయ్ ఎవరికి వేశాడన్నది ఆయనకూ అల్లాహ్‌కూ తెలిసిన విషయం. చట్టం కూడా దాన్ని రహస్యంగానే ఉంచింది. ఎమ్మెల్యే ఐదేళ్లకు మారతాడు. రాత్రి రెండు గంటలకు అమ్మీకి ఒంట్లో బాగోలేకపోతే ఆటో తెచ్చేది ఆ పక్కింటాయనే. ఆయన్ని గద్దార్ అనే ముందు, మీ అభ్యర్థి 17సి ఫారాలు ఎక్కడున్నాయో అడగండి.