గొంతు కావాలి, మనిషి అక్కర్లేదా?

మా వీధి మలుపులో ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆమె ఒకరోజు ఫోను పట్టుకుని మా ఇంటికి వచ్చింది. రావలసిన డబ్బేదో బ్యాంకులో పడలేదని ఒక సహాయ కేంద్రానికి ఫోన్ చేస్తోంది. అవతలి నుంచి తియ్యటి ఆడగొంతు "తెలుగు కోసం రెండు నొక్కండి" అంది. నొక్కింది. "మీ సమస్యను క్లుప్తంగా చెప్పండి" అంది. ఈమె తన గోడంతా చెప్పుకుంది. "క్షమించండి, మీరు చెప్పింది అర్థం కాలేదు" అంది ఆ గొంతు. మూడుసార్లు ఇదే తంతు. "నువ్వు చెప్పేదే గానీ నా మాట వినవా తల్లీ?" అని ఈమె విసుక్కుంది. అది మనిషి కాదు, యంత్రం అని చెప్పాను. కాసేపు ఆలోచించి, "యంత్రమైతే ఆ గొంతెవరిదమ్మా? ఎవరో ఒకామెదే అయ్యుంటుంది కదా?" అంది.

ఆ పూట ఆమె పని కాలేదు. ఆమె అడిగిన ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు.

"ఆడపిల్లవి, మెల్లగా మాట్లాడు" అనే మాట వింటూ పెరగని వాళ్ళు మనలో ఎంతమంది? నలుగురిలో గొంతెత్తితే గయ్యాళి అంటారు. మరి రైల్వే స్టేషన్లో, లిఫ్టులో, ఫోనులో, దారి చూపే మీటలో ఈ సమాజం ఆడగొంతునే ఎందుకు పెట్టుకుంది? ఆ గొంతు అడిగినదానికే జవాబు చెబుతుంది. ఎదురు ప్రశ్న వేయదు, అలసిపోదు, జీతం పెంచమనదు. అంటే వాళ్ళకు కావలసింది మన గొంతు, మనం కాదు. యంత్రాల చేత మాట్లాడించే, పాడించే పరిశోధన చరిత్ర తిరగేస్తే నాకు అడుగడుగునా కనిపించింది ఇదే.

టెలిఫోన్ వచ్చిన కొత్తలో లైన్లు కలిపే పనికి అమెరికాలో మగపిల్లల్ని పెట్టారు. వాళ్ళు ఖాతాదారులతో దురుసుగా మాట్లాడుతున్నారని 1878లో బోస్టన్‌లో ఎమ్మా నట్ అనే యువతిని తీసుకున్నారు. ఆ తర్వాత అది ఆడవాళ్ళ ఉద్యోగమే అయిపోయింది. ఓర్పు, మర్యాద, మృదువైన గొంతు కావాలి; జీతం మాత్రం తక్కువ. అయితే ఆ గొంతుల వెనక మనుషులున్నారు. 1919 ఏప్రిల్‌లో న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో జూలియా ఓకానర్ నాయకత్వాన వేలమంది ఆపరేటర్లు సమ్మె చేశారు. కొద్ది రోజుల పాటు ఆ ప్రాంతంలో ఫోన్లు మూగబోయాయి. యాజమాన్యం దిగివచ్చి జీతాలు పెంచింది. గొంతు వెనక మనిషి ఉంటే ఏం చేయగలదో ఆ అమ్మాయిలు చూపించారు.

తర్వాత వచ్చింది సమ్మె చేయలేని గొంతు. 1936లో బ్రిటన్‌లో ఫోనులో సమయం చెప్పే గడియారం పెట్టారు. దానికోసం టెలిఫోన్ ఉద్యోగినుల మధ్య 'బంగారు గొంతు' పోటీ పెట్టి ఎథెల్ కెయిన్‌ను ఎంచుకున్నారు. ఆమె ఒకసారి చదివిన అంకెలే పగలూ రాత్రీ పలికాయి.

1939లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో బెల్ ప్రయోగశాలల వాళ్ళు 'వోడర్' అనే మాట్లాడే యంత్రాన్ని చూపించారు. కనిపెట్టినవాడు హోమర్ డడ్లీ. జనం ముక్కున వేలేసుకున్నారు. కానీ ఆ యంత్రం తనంతట తాను మాట్లాడలేదు. దాని ముందు ఒక యువతి కూర్చుని, పది వేళ్ళతో మీటలు నొక్కుతూ, మణికట్టుతో ఒక కడ్డీని కదుపుతూ, పాదంతో శ్రుతి మారుస్తూ ఒక్కొక్క ధ్వనినీ పుట్టించేది. వీణ నేర్చుకున్నంత కష్టం అది. ఇందుకోసం టెలిఫోన్ ఆపరేటర్లుగా పనిచేసే యువతులను ఎంచి సుమారు ఏడాది శిక్షణ ఇచ్చారు. వాళ్ళకు నేర్పినామె హెలెన్ హార్పర్. చరిత్రలో నిలిచింది మాత్రం డడ్లీ పేరు, యంత్రం పేరు. మాట్లాడించిన చేతుల పేర్లు ఎంతమందికి తెలుసు?

యంత్రం పాట పాడిన కథా అంతే. 1961లో అదే బెల్ ప్రయోగశాలల్లో కంప్యూటర్ చేత మొదటిసారి 'డైసీ బెల్' అనే పాట పాడించారు. నోటినీ గొంతునూ చిన్న చిన్న గొట్టాల వరసగా భావించి లెక్కకట్టే ఒక పద్ధతి ఇందులో వాడారు. దాన్ని జాన్ కెల్లీతో కలిసి రూపొందించింది కేరల్ లాక్‌బామ్ అనే స్త్రీ. ఆ పద్ధతికి ఇప్పటికీ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. కథ చెప్పేటప్పుడు మాత్రం ఆమె పేరు తరచూ జారిపోతుంది.

పేర్లు మరిచిపోవడం ఒక ఎత్తు. పరిశోధన దేన్ని ప్రమాణంగా పెట్టుకుందన్నది అంతకంటే పెద్ద సంగతి. మగవాళ్ళ స్వరతంత్రులు సెకనుకు సుమారు 120 సార్లు కంపిస్తాయి, ఆడవాళ్ళవి సుమారు 210 సార్లు. ఆ కంపనంతో పాటు దాని రెట్లు కూడా ధ్వనిలో ఉంటాయి: మగగొంతులో 120, 240, 360, ఆడగొంతులో 210, 420, 630. ఏ అచ్చు పలికామో వీటి హెచ్చుతగ్గులను బట్టి గుర్తిస్తారు. గీతలు దగ్గరగా ఉంటే ఆకారం స్పష్టంగా తెలుస్తుంది. దూరంగా ఉంటే వదులు అల్లిక చాపలోంచి బొమ్మను చూసినట్టుంటుంది. ధ్వనిని బొమ్మగా గీసే పాతకాలపు పరికరం 300 హెర్ట్జ్ వెడల్పు వడపోతతో మగగొంతుకు చక్కగా అమరింది. ఆడగొంతుకు, పిల్లల గొంతుకు అంత బాగా అమరలేదు.

అప్పుడు ఏం చేయాలి? పరికరాన్ని మార్చాలి. కానీ దశాబ్దాల పాటు ఎక్కువమంది మగగొంతునే పరిశోధించి, ఆడగొంతు "కష్టం" అన్నారు. మన ఒంటికి సరిపోని కొలతతో కుట్టి, లోపం మన ఒంట్లోనే ఉందనడం మనకు కొత్త కాదు. పాట విషయంలోనూ తేడా ఇలాగే బయటపడింది. స్వీడన్ శాస్త్రవేత్త యోహాన్ సుండ్‌బర్గ్ 1970లలో ఒపేరా గాయకులపై పనిచేశాడు. మగగాయకుల గొంతు వాద్యబృందాన్ని దాటుకుని వినిపించడానికి 3,000 హెర్ట్జ్ దగ్గర ధ్వని బలం గుమిగూడడం కారణమని చూపాడు. పై స్థాయిలో పాడే స్త్రీల దారి వేరని కూడా ఆయనే చూపాడు. స్వరం పైకి పోయేకొద్దీ వాళ్ళు దవడను మరింత తెరిచి నోటి ప్రతిధ్వనిని ఆ స్వరానికి అమరుస్తారు. ఆడగొంతుకు తనదైన శాస్త్రం ఉంది. కావలసింది దాన్ని వెతకాలన్న బుద్ధి.

ఆ బుద్ధి కలిగినవాళ్ళు లేకపోలేదు. ఎమ్ఐటీకి చెందిన డెన్నిస్ క్లాట్, ఆయన కూతురు లారా కలిసి స్త్రీపురుష గొంతుల తేడాలపై చేసిన అధ్యయనం, ఆయన పోయాక, 1990లో వెలువడింది. దానికి ముందే 1980లలో క్లాట్ పరిశోధన ఆధారంగా డెక్‌టాక్ అనే మాట్లాడే యంత్రం వచ్చింది. అందులోని గొంతులకు పెట్టిన పేర్లు వినండి. క్లాట్ సొంత గొంతును బట్టి చేసిన మగగొంతు 'పర్‌ఫెక్ట్ పాల్', అంటే ఏ లోపమూ లేని పాల్. ఆడగొంతులేమో 'బ్యూటిఫుల్ బెట్టీ', 'విస్పరింగ్ వెండీ': అందమైన బెట్టీ, గుసగుసలాడే వెండీ. మగవాడికి పరిపూర్ణత, ఆడదానికి అందమూ గుసగుసా! సరదాకి పెట్టిన పేర్లే కావచ్చు. సరదాలోనే మనసు బయటపడుతుంది.

సాంకేతికంగా ఆడగొంతు పలికించడం చేతకాగానే దాన్ని ఏ పనికి పెట్టారు? సేవకు పెట్టారు. అడిగితే జవాబు చెప్పే ఫోన్లు, డబ్బాలు వచ్చాయి. చాలావాటికి ఆడపేరు, ఆడగొంతు. 2019లో యునెస్కో ఒక నివేదిక తెచ్చింది. "నాకే వీలుంటే సిగ్గుతో ఎర్రబడేదాన్ని" అన్నది దాని శీర్షిక. అసభ్యమైన తిట్టు తిట్టిన వాడికి సిరి ఇచ్చిన జవాబు అది. కోపం లేదు, "నోరు అదుపులో పెట్టుకో" అన్న మాట లేదు. ఆ జవాబు రాసిపెట్టింది మనుషులే. విమర్శ వచ్చాక దాన్ని మార్చారు. 2021లో ఇంగ్లీషు సిరికి ఆడగొంతే ముందుగా ఉండే పద్ధతినీ తీసేశారు. అడిగితే మారుతుందన్నమాట. ఇక జపాన్‌లో 2007లో పాడే సాఫ్ట్‌వేర్‌గా వచ్చిన హాట్సునే మికుకు గొంతు ఇచ్చింది సాకి ఫుజితా అనే నటి. ఆ గొంతుకు ఒక బొమ్మను జోడించి పదహారేళ్ళ వయసు, 158 సెంటీమీటర్ల ఎత్తు, 42 కిలోల బరువు రాసిచ్చారు. పాడే యంత్రానికి బరువెందుకు? పెళ్ళిచూపులకా?

ఇక కూలి సంగతి. అమెరికాలో సుసాన్ బెనెట్ 2005 జూలైలో రోజుకు నాలుగు గంటల చొప్పున నెలంతా అర్థం పర్థం లేని వాక్యాలు చదివింది. ఎందుకో ఆమెకు సరిగ్గా తెలియదు. 2011లో అదే గొంతు సిరిగా లక్షలమంది చేతుల్లోకి వెళ్ళింది. ఆ సంగతి ఆమెకు తోటి కళాకారుడు చెబితే తెలిసింది. కెనడా గొంతు కళాకారిణి బెవ్ స్టాండింగ్ అనువాదాల కోసమని చదివి ఇచ్చిన వాక్యాలు టిక్‌టాక్‌లో ఎవరు ఏది టైపు చేస్తే అది పలికే గొంతుగా తేలాయి. బూతులు కూడా ఆమె గొంతులోనే! 2021లో ఆమె కోర్టుకెక్కాక గొంతు మార్చారు, ఆ తర్వాత రాజీ కుదిరింది.

మన దగ్గర? గొంతు పోయినవాడు మగవాడైనా అన్యాయం అన్యాయమే. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం చనిపోయిన మూడేళ్ళకు 2023లో వచ్చిన 'కీడా కోలా' సినిమాలో ఆయన గొంతును కృత్రిమ మేధతో పుట్టించి, తమ అనుమతి లేకుండా వాడారని కుమారుడు చరణ్ 2024లో లీగల్ నోటీసు ఇచ్చారు. అదే ఏడాది 'లాల్ సలామ్' పాటలో చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులు వాడిన ఎ.ఆర్. రెహమాన్ వాళ్ళ కుటుంబాల అనుమతి తీసుకుని, పారితోషికం ఇచ్చామని చెప్పారు. అంటే పద్ధతిగా చేయవచ్చు. 2025లో ఆశా భోంస్లే బొంబాయి హైకోర్టుకు వెళ్ళి, తన గొంతుకు యంత్ర నకళ్ళు చేయకుండా మధ్యంతర ఉత్తర్వు తెచ్చుకుంది. పాడినవాళ్ళకూ రాయల్టీ రావాలని 1960లలోనే లతా మంగేష్కర్ పోరాడితే, కాపీరైటు చట్టంలో ఆ హక్కు స్పష్టంగా చేరింది 2012 సవరణతో.

పేరున్నవాళ్ళు కోర్టుకు వెళ్ళగలరు. పేరులేని వాళ్ళ మాటేమిటి? మా సంఘానికి వచ్చే డిగ్రీ అమ్మాయి ఒకతె ఫోనులో తెలుగు వాక్యాలు చదివే పని చేసింది. వాక్యానికి ఇంత అని లెక్క. పిల్లలు నిద్రపోయాక, ఫ్యాను ఆపేసి, వంటింటి తలుపు వేసుకుని చదివేది. శబ్దం పడిందని కొన్ని వెనక్కి వచ్చేవి. వాటికి డబ్బు లేదు. ఒప్పందం కాగితం ఏదని అడిగితే "ఇంగ్లీషులో ఏదో వచ్చింది, సరే అని నొక్కాను" అంది. ఆ గొంతు ఎక్కడికి పోయిందో, రేపు దేన్ని అమ్ముతుందో, ఎవరి బూతులు పలుకుతుందో ఆమెకు తెలియదు. ఇంటి చాకిరీని పని అనని సమాజం, ఇంట్లో కూర్చుని చదివిన ఈ చదువునూ పని అనదు. తిరగలి దగ్గర, ఊడుపుల్లో, బతుకమ్మ చుట్టూ ఆడవాళ్ళు పాడిన పాటల్ని పేరు లేకుండా పుస్తకాలకెక్కించిన తీరే ఇది.

ఈ పరిశోధనే వద్దని నేననడం లేదు. చూపులేని అమ్మాయిలు ఈ మాట్లాడే సాఫ్ట్‌వేర్లతోనే తెలుగు పాఠాలు వింటున్నారు. చదువురాని స్త్రీకి తన కాగితంలో ఏముందో చదివి వినిపించే యంత్రం ఉంటే ఇంకొకరి గడప తొక్కనక్కర్లేదు. మద్రాసు ఐఐటీలో హేమా మూర్తి భారతీయ భాషలను యంత్రాల చేత పలికించే పనికి నాయకత్వం వహించారు. కర్ణాటక సంగీతంపైనా పరిశోధించారు. బెంగళూరులోని 'కార్య' అనే సంస్థ పల్లెల వాళ్ళ చేత వాక్యాలు చదివించి గంటకు సుమారు ఐదు డాలర్లు ఇస్తోందనీ, ఆ మాటలు మళ్ళీ అమ్ముడైతే చదివినవాళ్ళకూ వాటా ఇస్తుందనీ 2023లో వార్తలు వచ్చాయి. వీలుకాదనే వాళ్ళకు ఇదే జవాబు.

అందుకే మనం అడగాల్సినవి స్పష్టంగా అడగాలి. గొంతు ఇవ్వడం శ్రమ. దానికి కూలి, మళ్ళీ వాడిన ప్రతిసారీ వాటా ఉండాలి. ఒప్పందం మన భాషలో, మనకు అర్థమయ్యేలా ఉండాలి. 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టం సమ్మతిని తెలుగులో కోరే అవకాశం, ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కు ఇచ్చింది. 2025 నవంబరులో నియమాలు వచ్చాయి. చాలా భాగాలకు దశలవారీ గడువులు పెట్టారు. ఆ గడువులు గడిచేదాకా చేతులు కట్టుకు కూర్చోకుండా స్త్రీల సంఘాలు ఇప్పటినుంచే ఈ చట్టాన్ని చదవాలి, చదివి వినిపించాలి. గొంతును దేనికి వాడకూడదో చెప్పే హక్కు గొంతు ఇచ్చినామెకు ఉండాలి. ప్రజల డబ్బుతో నడిచే సహాయ కేంద్రాల్లో యంత్రంతో పాటు మనిషి కూడా ఉండి తీరాలి.

అన్నిటికంటే ముఖ్యం, ఆ యంత్రం వినడం నేర్చుకోవాలి. ఎవరి మాటలు వినిపించి నేర్పితే వాళ్ళ మాటే దానికి అర్థమవుతుంది. శ్రీకాకుళం కూలి తల్లి మాట, పాలమూరు వలస స్త్రీ మాట, మా వీధి ఇస్త్రీ ఆమె మాట దానికి ఎవరూ నేర్పకపోతే ఆ తప్పు వాళ్ళ నాలుకది కాదు. మన గొంతుతో మాట్లాడుతూ మన మాట అర్థం కాలేదనే యంత్రం ఎవరి కోసం?

మొన్న బట్టలిచ్చి వస్తూ ఇదంతా ఆమెకు చెప్పాను. పెట్టెలో నిప్పులు సర్దుతూ విని, "అయితే ఆ ఫోనులో ఆమెకీ కూలి సరిగా ఇవ్వలేదేమో, పాపం" అంది. ఆ పాపం అన్న మాట దగ్గరే మన పని మొదలు కావాలి.