ఇంజిన్‌కు చలివేంద్రం పెట్టకండి

"ఆయిలు మరుగుతాందన్నా, ఇంగ ఈ బండి అయిపోయినట్టే." ఈ మాట అన్నది మెకానిక్కు కూడా కాదు, కడప జిల్లా ఖాజీపేటలో హైవే పక్కనున్న ఒక షెడ్డుకు టీ తాగే వేళకు వచ్చి కూర్చునే ఒక పెద్దమనిషి. అనడమే ఆలస్యం, అక్కడున్న వాళ్ళంతా తలకాయలూపారు. బెంగళూరు నుంచి కదిరి, పులివెందుల మీదుగా వచ్చిన ఒక కుర్రవాడి స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ బానెట్ తెరిచి ఉంది. మీటర్ల మధ్య చిన్న తెర మీద ఆయిల్ ఉష్ణోగ్రత 108. బయట మే నెల ఎండ. రెండు నిమిషాల్లో తీర్పు వచ్చేసింది. ఉన్న ఆయిల్ దించేసి 20డబ్ల్యూ-50 పోయాలి, థర్మోస్టాట్ పీకి పారేయాలి. పిల్లవాడు బిక్కమొహం వేసుకుని ఒప్పుకున్నాడు కూడా.

ఆ కారుకు ఏ రోగమూ లేదు. హైవే మీద గట్టిగా తోలుకుని వచ్చిన టర్బో కారులో ఆయిల్ 108 డిగ్రీలు లేకపోతేనే అనుమానించాలి.

మా కడప జిల్లాలో మనుషులకు ఎండంటే భయం ఉండటం సహజమే. 43, 44 డిగ్రీలు మాకు వార్త కాదు. కానీ ఆ భయాన్ని తీసుకెళ్ళి ఇంజిన్‌కు అంటగట్టడం ఏమిటి? ఎండాకాలమని మనం మజ్జిగ తాగితే ఇంజిన్‌కూ ఏదో ఒకటి చల్లగా పట్టాలన్న ఈ జాలి మైదుకూరు నుంచి జమ్మలమడుగు దాకా ఏ షెడ్డులో చూసినా ఉంది. ఇప్పుడు దీనికి తోడు ఓబీడీ డబ్బీ ఒకటి. స్టీరింగు కింద గుచ్చితే ఫోనులో అంకెలన్నీ కనబడతాయి. అంకె కనబడింది, దాని అర్థం తెలియదు. ఇంక వాట్సాప్‌లో ఫోటో, కింద ఏడుపు బొమ్మలు.

నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయని అయిదో తరగతిలో చదువుకున్నాం. ఆ ఒక్క పాఠం పట్టుకుని ఆయిల్ మీదికి పోతున్నాం. బస్టాండు దగ్గర మిరపకాయ బజ్జీల బాణలిలో నూనె 170, 180 డిగ్రీల దగ్గర ఉంటుంది, దాని ముందు నిలబడి "నూనె అయిపోయింది" అని గుండెలు బాదుకునేవాణ్ణి నేను చూడలేదు. ఇంజిన్ ఆయిల్‌కు మంట అంటుకోవాలంటే 200 డిగ్రీలు దాటాలి. అసలు ఆయిల్ డబ్బా మీద ఉన్న అంకెలు పుట్టిందే వేడిలో. అమెరికాలోని ఇంజినీర్ల సంఘం ఎస్‌ఏఈ పెట్టిన జె300 ప్రమాణం ప్రకారం, 5డబ్ల్యూ-40 అన్నప్పుడు ఆ చివరి 40ని తేల్చేది 100 డిగ్రీల దగ్గర. ఆ వేడిలో ఆయిల్ చిక్కదనం 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్సుల మధ్య ఉండాలి. అంతటితో వదలరు, 150 డిగ్రీల దగ్గర గట్టిగా నలిపి ఇంకో పరీక్ష పెడతారు. తయారుచేసినవాడు 150 దగ్గర పరీక్షించి డబ్బాలో పోసిన సరుకును 108 దగ్గర చూసి మనవాళ్ళు పాడె కట్టేస్తున్నారు.

ఇంకో సంగతి. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో నిలబెట్టిన కారు కూడా ఆయిల్ లెక్కలో చల్లబండే. మామూలు 5డబ్ల్యూ-40 ఆయిల్ 100 డిగ్రీల దగ్గర 14 సెంటీస్టోక్సులుంటే, 40 డిగ్రీల దగ్గర 85 దాకా ఉంటుంది. అంటే పనిచేయాల్సిన చిక్కదనానికి ఆరు రెట్లు. స్టార్ట్ చేయగానే బుర్రుమని రేజ్ చేసే కుర్రవాళ్ళకు ఇది ఎవరూ చెప్పరు. ఇంజిన్ అరిగేది ఎక్కువగా అప్పుడే. ఆ స్కోడాలాంటి కార్లలో ఆయిల్ 50 డిగ్రీలు దాటేదాకా తెర మీద అంకె బదులు గీతలే కనబడతాయి. ఆ గీతలున్నప్పుడు ఎవరికీ భయం లేదు. అసలు భయపడాల్సింది అప్పుడు!

ఇక ఈ 20డబ్ల్యూ-50 పిచ్చి. 40 డిగ్రీల దగ్గర అది 5డబ్ల్యూ-40 కన్నా సుమారు రెండింతలు చిక్కన. స్టార్ట్ చేయగానే ఆయిల్ పంపు దాన్ని తోయలేక అవస్థపడుతుంది. ప్రెజర్ మరీ పెరిగితే ఫిల్టరులోని బైపాస్ వాల్వు తెరుచుకుని, వడకట్టని ఆయిల్ నేరుగా బేరింగులకు పోతుంది. ఆయిల్ ప్రెజర్ ముల్లు మాత్రం పైకి లేస్తుంది, మనవాడు దాన్ని చూసి "చూడు, ఎంత బలంగా ఉందో" అంటాడు. ప్రెజర్ పెరిగిందంటే ఆయిల్ ఎక్కువ పోతోందని కాదు నాయనా, పోవడానికి దారి దొరకడం లేదని.

ఇక్కడ ఒక తెలివైనవాడు లేచి, బీఎండబ్ల్యూ వాళ్ళే ఎం3కి 10డబ్ల్యూ-60 పోయమన్నారు కదా అంటాడు. అన్నారు. అది 8,000 ఆర్‌పీఎం దాకా తిరిగే ఒక ప్రత్యేకమైన ఇంజిన్‌కు, దాని బేరింగుల సందుకు తగ్గట్టు చెప్పిన మందు. అదే కారులో, 2000 నుంచి 2006 దాకా వచ్చిన మోడల్లో, ఆర్‌పీఎం మీటరు చుట్టూ చిన్న దీపాలు పెట్టారు. ఆయిల్ చల్లగా ఉన్నంతసేపు ఎర్రగీత ఉండాల్సిన చోటుకన్నా చాలా ముందే అవి వెలుగుతాయి, ఇంతకు మించి తిప్పొద్దని. ఆయిల్ వేడెక్కేకొద్దీ ఒక్కొక్కటీ ఆరిపోతుంది. వేగం కోసమే కారు కట్టినవాడు దేనికి భయపడ్డాడో ఆ దీపాలు చెబుతాయి. చలికి. ఫార్ములా వన్ వాళ్ళు ఇంకా దారుణం, వేడి నీళ్ళు, వేడి ఆయిల్ బయటినుంచి పంపు చేసి ఇంజిన్‌ను ముందే కాచి, ఆ తరవాతే స్టార్ట్ చేస్తారు. 2011లో నోయిడా దగ్గర బుద్ధ్ సర్క్యూట్‌కు వచ్చినప్పుడూ అదే చేశారు. మన దేశం వేడి దేశం కదా, అక్కర్లేదులే అనుకోలేదు.

మనవాళ్ళకు రేసులు కొత్తవేమీ కావు. కోయంబత్తూరులో లక్ష్మీ మిల్స్ తెలుగు నాయుళ్ళ కుటుంబంలో పుట్టిన కరివర్ధన్, మారుతి 800 ఇంజిన్ పెట్టి ఫార్ములా మారుతి రేసు కార్లు కట్టాడు. పాలు, పేపరు తెచ్చుకునే కారు ఇంజిన్ అది! దాన్ని తమిళనాడు ఎండలో పూర్తి యాక్సిలరేటర్ మీద తిప్పారు, తరాల రేసర్లు దాని మీదే ఓనమాలు దిద్దుకున్నారు. 1995లో విమాన ప్రమాదంలో ఆయన పోయాడు, కోయంబత్తూరు ట్రాకుకు ఆయన పేరే పెట్టారు. ఇక మన హైదరాబాదులో 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ గట్టున జరిగిన పెద్ద రేసు ఫార్ములా ఈ. ఆ కరెంటు కార్లలో ఇంజినూ లేదు, ఇంజిన్ ఆయిలూ లేదు. మా షెడ్డు మేధావులకు చేతికి పని లేకుండా పోయిన రేసు అదొక్కటే.

నా అసలు కోపం థర్మోస్టాట్ మీద, అంటే దాన్ని పీకేసే చేతుల మీద. నా సొంత పెట్రోల్ కారుకు ఈ ముచ్చట జరిగింది. పేరు చెప్పను, ప్రొద్దుటూరు చుట్టుపక్కల ఒక వర్క్‌షాపులో రేడియేటర్ గొట్టం మార్చమని ఇస్తే, అడగకుండానే థర్మోస్టాట్ తీసేసి "ఇంగ మీకు హీటింగే రాదు సార్" అని గొప్పగా చెప్పి పంపించారు. నిజమే, రాలేదు. ముల్లు సగానికి కూడా లేవడం మానేసింది. మైలేజీ పడిపోయింది. డిప్‌స్టిక్ తీసి వాసన చూస్తే పెట్రోలు కంపు. ఆయిల్ మూత తిప్పితే అడుగున లేత కాఫీ రంగు జిగురు.

ఎందుకంటే థర్మోస్టాట్ కారును వేడిచేయడానికి పెట్టింది కాదు, వేడిని ఒక చోట నిలపడానికి పెట్టింది. చాలా కార్లలో 82 నుంచి 90 డిగ్రీల మధ్య అది తెరుచుకుంటుంది. దాన్ని తీసేస్తే నీళ్ళు ఎప్పుడూ రేడియేటర్ చుట్టూ తిరుగుతూనే ఉంటాయి. ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటరు పెట్రోలు ఎక్కువ పోస్తుంది. ఆ పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేసి కిందికి జారి ఆయిల్లో కలుస్తుంది. పైగా లీటరు పెట్రోలు మండితే సుమారు లీటరు నీళ్ళు ఆవిరిగా పుడతాయి. చాలామటుకు సైలెన్సర్ గుండా పోయినా, కొంత పిస్టన్ రింగుల పక్కనుంచి ఆయిల్ ట్యాంకులోకి దిగుతుంది. అది పోవాలంటే ఆయిల్ 90, 100 డిగ్రీల దగ్గర కాసేపు ఉండి తీరాలి. ఉండకపోతే నీళ్ళు, పెట్రోలు, ఆమ్లాలు కలిసి నేను చూసిన ఆ కాఫీ జిగురు తయారవుతుంది. ఇంకా చోద్యం, కొన్ని ఇంజిన్లలో రేడియేటర్‌ను తప్పించి పోయే పక్కదారిని థర్మోస్టాటే మూయాలి. అది లేకపోతే వేడి నీళ్ళు రేడియేటర్‌కు పోకుండా ఆ అడ్డదారినే తిరిగి, ఎక్కువ బరువు మీద నిజంగానే హీటింగ్ వస్తుంది. హీటింగ్ రాకుండా చేసిన వైద్యమే హీటింగ్ తెస్తుంది.

మరి మా ప్రాంతంలో బండ్లు హీట్ కావడం లేదా? ఎందుకు కావు! బోరు నీళ్ళు పోస్తే కావా? ఇంట్లో నీళ్ళు కాచే గిన్నె అడుగున పట్టిన తెల్లటి పెచ్చు చూసి కూడా, అవే నీళ్ళు బిందెతో తెచ్చి రేడియేటర్లో పోస్తారు. సన్నని గొట్టాలు పూడుకుపోతాయి. కూలెంట్ అడిగితే "అదంతా కంపెనీవాళ్ళ దోపిడీ" అంటారు. మూత రబ్బరు పోయి ప్రెజర్ నిలవదు, ఫ్యాన్ రిలే పోయి ఫ్యాన్ తిరగదు. వీటిని చూడకుండా నేరం ఆయిల్ మీద, థర్మోస్టాట్ మీద.

ఎండకు రేడియేటర్ పని పెరుగుతుంది, ఒప్పుకుంటాను, ఫ్యాను ఉన్నది అందుకే. ఆయిల్ ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే చెడే వేగం రెండింతలవుతుందని ఒక లెక్క చెబుతారు. చెప్పుకోనీండి, అది మరీ పైకి పోయినప్పటి మాట, 108 దగ్గర ఏడవాల్సిన మాట కాదు. గాలితో చల్లబడే బులెట్ సంగతి వేరు, దానికి కంపెనీ చెప్పిందే చిక్కటి ఆయిల్, అది పోసుకోండి. ఆయిల్ నల్లబడింది కాబట్టి పోయిందనే వాదానికి జవాబు చెప్పే ఓపిక కూడా నాకు లేదు. మసిని పట్టుకుని ఉంచడమే దాని ఉద్యోగం, డీజిల్ బండిలో కొత్తది పోసిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. ఇక ఆయిల్లో కలిపే ఆ బంగారు రంగు సీసాలు... 1997లోనే అమెరికాలో స్లిక్ 50 అనే సీసావాళ్ళు ప్రకటనల్లో చెప్పిన గొప్పల మీద ప్రభుత్వంతో రాజీ పడాల్సి వచ్చింది. మన దగ్గర ఇంకా కౌంటర్ మీదే నిలబెట్టి అమ్ముతున్నారు.

ఇంజిన్లను నిజంగా తినేది ఏదో చూడాలంటే ఎర్రగుంట్ల వైపు పోండి. నాపరాయి గనుల దుమ్ము, సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము, థర్మల్ పవర్ ప్లాంటు బూడిద లారీలు. ఆ దారిన తిరిగే కారు ఎయిర్ ఫిల్టర్ తీసి గచ్చు మీద తట్టి చూడండి, పిడికెడు తెల్లటి పొడి రాలుతుంది. దాన్ని అలాగే తట్టి, కంప్రెసరుతో ఊది, చిరుగు పడిందో లేదో చూడకుండా మళ్ళీ పెట్టేస్తారు. ఆ చిరుగులోంచి పోయిన రాతిపొడి పిస్టన్ రింగులను ఉప్పుకాగితం పెట్టి రుద్దినట్టు రుద్దుతుంది. నూట ఎనిమిదికి బానెట్ ఎత్తిన పెద్దలెవరూ ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత ఎత్తలేదు.

ఏం చేయాలంటారా? పెద్దగా ఏమీ లేదు. పుస్తకంలో రాసిన గ్రేడు పోయండి, ఏడాదికొకసారి మార్చండి, చదునైన చోట నిలిపి డిప్‌స్టిక్ చూడండి, రెండు గీతల మధ్య ఉండాలి, పైగీత దాటినా కష్టమే. గట్టిగా తోలే కారుకు 120 మామూలే, 130 దాటి ఇంకా ఎక్కుతూ ఉంటే కాలు తీయండి. టర్బో అయితే ఆపేముందు కాస్త నెమ్మదిగా రండి. మిగతాది ఆ కారు కట్టినవాడు చూసుకున్నాడు.

కానీ ఇది జరగదని నాకు తెలుసు, ఎందుకంటే చిక్కు సిద్ధాంతంలో లేదు, అరలో ఉంది. ఏ ఆటోమొబైల్ షాపుకైనా పోయి 5డబ్ల్యూ-40 ఫుల్లీ సింథటిక్, ఫలానా కంపెనీ ఆమోదం ఉన్నది కావాలని అడగండి. కుర్రవాడు వెనక్కి తిరిగి అర వైపు చూస్తాడు. అక్కడ వరసగా ఉన్నది 20డబ్ల్యూ-50, పక్కన 15డబ్ల్యూ-40. "అది తెప్పియ్యాలన్నా, నాలుగు దినాలు పడతాది. అయినా మన ఎండలకు ఇదే బాగుంటాది" అంటాడు. షెడ్డులో టీ తాగుతూ తీర్పు చెప్పిన పెద్దమనిషి శాస్త్రం కూడా ఈ అరలోంచి దిగివచ్చిందే. ఆ అరలోకి సరైన డబ్బా రానంత కాలం, మా జిల్లాలో ప్రతి ఇంజిన్‌కూ ఎండదెబ్బ తగులుతూనే ఉంటుంది, డిసెంబరులో కూడా.