సిరాజ్ మెహనత్‌ను సగటుతోనే తూచగలమా?

మహమ్మద్ సిరాజ్ మీద వాదన ఇంకా తెగడం లేదు. 2025 ఆగస్టు 4న ఓవల్ టెస్టు చివరి రోజు ఆట మొదలయ్యేసరికి ఇంగ్లండ్‌కు కావాల్సింది 35 పరుగులే. చేతిలో నాలుగు వికెట్లున్నాయి. ఆ నాలుగింటిలో మూడు సిరాజే తీశాడు. భారత్ 6 పరుగుల తేడాతో గెలిచి, సిరీస్‌ను 2-2తో సమం చేసింది. టెస్టుల్లో భారత్‌కు పరుగుల లెక్కలో ఇంత తక్కువ తేడా గెలుపు ఇంతకుముందు లేదు. ఆ తర్వాత పదిహేను రోజులకే ఆసియా కప్ జట్టును ప్రకటిస్తే అందులో సిరాజ్ పేరు లేదు. అంతే, "ఒక్క మ్యాచ్‌తో గొప్పోడైపోతాడా?" అన్న పాత మాట మళ్లీ మొదలైంది.

విమర్శకులు చెప్పేదంతా అబద్ధమేం కాదు. ఇంగ్లండ్ సిరీస్‌లో అందరికంటే ఎక్కువగా 23 వికెట్లు తీసినా, ఒక్కో వికెట్‌కు 32 పైచిలుకు పరుగులిచ్చాడు. మూడే టెస్టులాడిన జస్ప్రీత్ బుమ్రా 14 వికెట్లు తీశాడు, సగటు కూడా మెరుగే. కొత్త బంతి లేకపోతే సిరాజ్ పదును తగ్గుతుందన్నది 2025 ఛాంపియన్స్ ట్రోఫీకి అతణ్ని పక్కన పెట్టినప్పుడు కెప్టెన్ రోహిత్ శర్మ చెప్పిన కారణమే. ఇక ఆవేశం సంగతి. అడిలైడ్‌లో ట్రావిస్ హెడ్ విషయంలోనూ, లార్డ్స్‌లో బెన్ డకెట్ విషయంలోనూ జరిమానా కట్టాడు. ఇవన్నీ రికార్డులో ఉన్నవే, దాచాల్సిన పని లేదు.

కానీ రికార్డులో ఇంకో అంకె కూడా ఉంది. ఆ సిరీస్‌లో సిరాజ్ వేసింది 185 ఓవర్ల పైమాటే. రెండు జట్లలో ఏ బౌలరూ అన్ని వేయలేదు. ఐదు టెస్టులూ ఆడిన ఫాస్ట్ బౌలర్లు ఇద్దరే: ఇటు సిరాజ్, అటు క్రిస్ వోక్స్. ఆ వోక్స్ కూడా చివరికి భుజం దెబ్బతిని, చెయ్యి కట్టుకుని బ్యాటింగ్‌కు రావాల్సి వచ్చింది. భారత్ గెలిచిన రెండు టెస్టులూ, బర్మింగ్‌హామ్, ఓవల్, బుమ్రా లేకుండా ఆడినవే. ఇది బుమ్రాను తక్కువ చేసే మాట కాదు. అతడి వెన్ను ఎన్ని ఓవర్లు మోయగలదో జట్టుకు తెలుసు, అందుకే విశ్రాంతినిచ్చింది. ఆ ఖాళీలో బరువు ఎవరి మీద పడిందన్నదే ఇక్కడ ప్రశ్న.

నౌపడ మడుల్లో లెక్క

ఈ తేడా తెలియాలంటే శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పు మడుల దాకా వెళ్లాలి. అక్కడ పనంతా ఎండతోనే. ఉప్పునీటిని ఒక మడి నుంచి ఇంకో మడికి మళ్లిస్తూ రోజుల తరబడి ఆరబెడతారు. నీటి చిక్కదనం 25 డిగ్రీల బామే దాటితే గానీ ఉప్పు గింజ కట్టదు. అప్పటిదాకా మడి తొక్కడం, గట్లు సరిచేయడం, నీళ్లు మళ్లించడం ఆగవు. ఈ పనికి తూకం లేదు. తూకం వేసేది చివర్లో కుప్ప పోసిన ఉప్పుకే. ఈలోగా ఒక్క అకాల వర్షం పడిందా, మడిలో ఉన్నదంతా కరిగి నీళ్లపాలవుతుంది.

ఆ ఏడాది బస్తాలు తగ్గాయని కూలివాణ్ని పనిదొంగ అనగలమా? పని తెలిసినవాళ్లెవరూ అనరు. ఎన్ని ఎండరోజులు దొరికాయి, వాన ఎప్పుడు పడింది, ఏ మడి ఇచ్చారు అని ముందు అడుగుతారు. సిరాజ్ సగటును కూడా అలాగే చదవాలి. మాంచెస్టర్‌లో ఇంగ్లండ్ 669 పరుగులు చేసిన ఇన్నింగ్స్‌లో అతడికి దక్కింది ఒక్క వికెట్టే. పిచ్‌లో ప్రాణం లేనప్పుడు ఎవరో ఒకరు ఓవర్లు వేయాలి కదా. వేసినవాడి సగటు పాడవుతుంది, వేయనివాడి సగటు పదిలంగా ఉంటుంది. ఆఫీసుల్లోనూ ఇదే తంతు. కష్టమైన ఫైళ్లన్నీ ఒకరి బల్ల మీదికే చేరతాయి, ఏడాది చివర్లో "నీ దగ్గరే పెండింగ్ ఎక్కువ" అన్న మాటా ఆయనకే దక్కుతుంది.

నౌపడ జంక్షన్ మీదుగా రోజూ ఎన్నో రైళ్లు వెళ్తాయి. పట్టాల వెంట నడిచి వదులైన బిగింపులు చూసే కీమ్యాన్ పేరు ఏ ప్రయాణికుడికీ తెలియదు. ఏమీ జరగకపోవడమే ఆయన పనితనం. ఒక చివర పరుగులు కట్టడి చేసి, రెండో చివర వికెట్ పడేలా చేసే బౌలర్ పరిస్థితీ అంతే.

తప్పు ఎవరి ఖాతాలో?

లార్డ్స్‌లో రవీంద్ర జడేజాతో కలిసి 30 బంతులు కాచుకున్నాక, బ్యాట్‌కు తగిలిన బంతే దొర్లుకుంటూ వెళ్లి వికెట్లను పడగొట్టింది. భారత్ 22 పరుగుల తేడాతో ఓడింది. ఓవల్‌లో హ్యారీ బ్రూక్ 19 మీద ఉన్నప్పుడు క్యాచ్ పట్టి మరీ బౌండరీ గీతను తొక్కాడు. బ్రూక్ 111 కొట్టాడు. చివరి రోజు ఆ ఆరు పరుగులు అటు తిరిగి ఉంటే సిరాజ్ పేరు ఈనాటికీ ఆ క్యాచ్‌తోనే వినిపించేది. ఓడితే ఒక్క తప్పే గుర్తు, గెలిస్తే ఒక్క బంతే గుర్తు. రెండిటి మధ్య వేసిన వెయ్యికి పైగా బంతులు ఎవరికీ గుర్తుండవు.

ముస్లిం కుటుంబాలకు ఈ విషయం ఇంకాస్త దగ్గరగా తగులుతుంది. 2021 అక్టోబరులో పాకిస్తాన్‌తో మ్యాచ్ ఓడాక మహమ్మద్ షమీని బౌలర్‌గా కాదు, మతం పేరుతో తిట్టారు. కెప్టెన్ విరాట్ కోహ్లీ బహిరంగంగా అతడి పక్షాన నిలబడ్డాడు. పదిమందిలో ఒక్కరే ముస్లిం ఉద్యోగి ఉన్న ఆఫీసులో, బడిలో ఈ భయం తెలిసిందే. పక్కవాడి పొరపాటు అతడొక్కడిదే, ఇతడి పొరపాటు మాత్రం "వాళ్లంతా ఇంతే" అన్న మాటకు దారి. బౌలింగ్‌ను విమర్శించడం ఆటలో భాగం. పేరును బట్టి విమర్శించడం ఆట కాదు.

అయితే ఇదే తప్పు తిరగేసి చేసేవాళ్లూ ఉన్నారు. "మనోడు కాబట్టి గొప్పోడు" అనడం కూడా అతడి మెహనత్‌ను తగ్గించడమే. హైదరాబాద్‌లో ఆటో నడిపిన మహమ్మద్ గౌస్ కొడుకు సిరాజ్. 2020 నవంబరులో అబ్బాజాన్ ఇంతఖాల్ అయినప్పుడు ఆస్ట్రేలియాలో క్వారంటైన్‌లో ఉండి, జనాజాకు రాలేకపోయాడు. అదే టూర్‌లో మెల్‌బోర్న్‌లో మొదటి టెస్టు ఆడి, బ్రిస్బేన్‌లో ఐదు వికెట్లు తీసి, సిరీస్‌లో భారత్ తరఫున అందరికంటే ఎక్కువగా 13 వికెట్లతో తిరిగొచ్చాడు. ఇంత చేసినవాడికి జాలి ఓట్లు అక్కర్లేదు.

పొగడ్తలోనూ ప్రమాదం

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. 2024-25లో సిరాజ్‌ది బోర్డు 'ఎ' గ్రేడ్ కాంట్రాక్టు, ఏడాదికి 5 కోట్లు ఉండేది. ఫిజియో ఉన్నాడు, డాక్టర్ ఉన్నాడు. ఉప్పు మడిలో దిగేవాళ్లకు పని లేని వానాకాలంలో కూలీ కూడా లేదు. కాబట్టి పోలిక ఒక హద్దు వరకే. "అలుపెరగనివాడు" అన్న బిరుదును యజమానులు తెగ ఇష్టపడతారు. ఎందుకంటే ఆ మాట అన్నాక సెలవు ఇవ్వక్కర్లేదు. ఐదు టెస్టులూ ఆడినవాణ్ని ఆరోదీ ఆడమనడం గౌరవం కాదు. ఓవర్లు లెక్కపెట్టి విశ్రాంతినివ్వడం గౌరవం. టీ20 జట్టులోకి తీసుకోవాలా వద్దా అన్నది సెలక్టర్ల ఇష్టం, దానికి కారణాలుండొచ్చు. కానీ ఆ నిర్ణయాన్ని చూపించి ఇంగ్లండ్‌లో చేసిన పనిని కొట్టిపారేయడం కుదరదు.

ఇళ్లలో పిల్లలు సిరాజ్ గురించి వాదించుకుంటుంటే పెద్దలు ఒక్కటి అడిగితే చాలు: "సగటు ఎంతో చెప్పావు బేటా, మరి ఎన్ని ఓవర్లు వేశాడో చెప్పలేదే?" రెండు అంకెలూ చూశాక ఎవరైనా విమర్శించొచ్చు. ఒక్కటే చూసి తీర్పు చెబితే, రేపు అదే కొలత ఇంట్లో పనికెళ్లే మనిషికీ పడుతుంది.