కారును ఆపేది అరంగుళం ముక్క

హైదరాబాదు-బెంగళూరు రోడ్డు నాలుగు వరసలయ్యాక గుత్తి చుట్టుపక్కల కార్లున్న వాళ్లకు ఒక సుఖమూ, ఒక చిక్కూ కలిసే వచ్చాయి. సుఖం ఏమిటంటే, కిలోమీటర్ల కొద్దీ బ్రేకు మీద కాలు పెట్టాల్సిన పనే లేదు. తిన్నని రోడ్డు, కనుచూపు మేర బయలు. చిక్కేమిటంటే, పెట్టాల్సి వచ్చిన ఆ ఒక్కసారీ వంద వేగంలో పెట్టాలి. డివైడరు సందులోంచి గొర్రెల మంద దాటుతుంది. వేరుశనక్కాయల లోడుతో ట్రాక్టరు ఎదురుదారిలో వస్తుంది. రాత్రిపూట అయితే దానికి లైటు ఉంటుందన్న నమ్మకమూ లేదు. గంటకు వంద కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు సెకనుకు 28 మీటర్లు పోతుంది. మంద కనపడి, కాలు యాక్సిలరేటరు మీది నుంచి బ్రేకు మీదికి వచ్చేలోపే ఆ 28 మీటర్లూ అయిపోతాయి. అక్కడి నుంచి మొదలయ్యేదే బ్రేకు పని.

ఆ పని చేసేది ముందు చక్రాల్లో ఒక్కోదానికి రెండు చొప్పున ఉండే నాలుగు ప్యాడ్లు. అరచేతిలో పట్టే ఇనుప పలక, దానిమీద అతికించిన నల్లటి ముక్క. కొత్తగా ఉన్నప్పుడు ఆ ముక్క మందం 10 నుంచి 12 మిల్లీమీటర్లు, అంటే ఇంచుమించు అరంగుళం. చక్రంతో పాటు తిరిగే డిస్కును రెండువైపులా పట్టి నొక్కుతుంది. బండి వేగం అంతా అక్కడ వేడిగా మారిపోతుంది. వెనక చక్రాలకు చాలా కార్లలో ఇప్పటికీ డ్రమ్ములూ, లైనర్లే. ఆపే భారంలో ఎక్కువ వాటా ముందు చక్రాలదే కాబట్టి ముందర ప్యాడ్లే త్వరగా అరుగుతాయి.

ఎంత అరిగితే మార్చాలి? రూపాయి బిళ్లలు రెండు ఒకదానిమీద ఒకటి పెడితే ఎంత మందం ఉంటుందో, అంత మిగిలితే చాలు, మార్చేయాలి. దాదాపు మూడు మిల్లీమీటర్లు. చాలా ప్యాడ్లకు ఒక చిన్న రేకు ఉంటుంది. ముక్క అరిగిపోగానే అది డిస్కుకు తగిలి కీచుమంటుంది. దాన్ని దుమ్ము చప్పుడనుకుని, పాటల సౌండు పెంచి వెళ్లేవాళ్లున్నారు. కీచు పోయి గరగర మొదలైందంటే ఇనుము ఇనుమును కొరుకుతోందని అర్థం. అప్పటికి ప్యాడ్లతో పాటు డిస్కుల ఖర్చు కూడా నెత్తిన పడినట్టే.

ఇక మెకానిక్ షెడ్డు దగ్గర జరిగే సంభాషణ ఏ ఊళ్లోనైనా ఒకటే. గుత్తిలో అయితే ఇలా ఉంటుంది.

"ముందర ప్యాడ్లు అయిపోయినాయి సార్. మార్చల్ల."

"ఎంతయితాదప్పా?"

"కంపెనీవైతే ఒక రేటు, లోకల్‌వైతే అందులో సగం. రెండూ బ్రేకు పడతాయి సార్, ఏం కాదు."

ఆ మెకానిక్ అబద్ధం చెప్పడం లేదు. రెండూ బ్రేకు పడతాయి. ప్యాడ్లు వేశాక షెడ్డు ముందు ఒక రౌండు కొట్టి, సడన్ బ్రేకు వేసి చూపిస్తాడు కూడా. టైరు గుర్తు రోడ్డు మీద పడుతుంది. సారు సంతోషిస్తారు. అయితే అది చల్లటి ప్యాడ్ల మీద చేసిన పరీక్ష. ప్యాడు రకం బయటపడేది వేడెక్కినప్పుడు. నాసిరకం ముక్కలో పొడిని పట్టి ఉంచే జిగురు రెసిన్ వేడికి వదులై, ప్యాడుకూ డిస్కుకూ మధ్య వాయువు పుట్టి, పట్టు జారిపోతుంది. పెడలు గట్టిగానే ఉంటుంది, తొక్కినకొద్దీ తొక్కుతారు, బండి మాత్రం ఆగదు. దీన్నే మెకానిక్కులు ఫేడ్ అంటారు.

గుత్తి ఎండకు బ్రేకులు వేడెక్కిపోతాయని కొందరి భయం. మే నెల 43 డిగ్రీల ఎండ మనిషికి నరకమే గానీ, గట్టిగా పని చేస్తున్నప్పుడు మూడొందల డిగ్రీలు దాటగల డిస్కుకు అదొక లెక్క కాదు. భయపడాల్సింది ఎండకు కాదు, కొండకు. గుత్తి కుటుంబం కారు కొన్నాక తాడిపత్రి, కడప, రాజంపేట మీదుగా తిరుమల వెళ్లకుండా ఎన్నాళ్లు ఉంటుంది?

తిరుమలకూ తిరుపతికీ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. కొండ దిగేటప్పుడు ఆ ఎత్తంతా ఎక్కడో ఒకచోట కరగాలి. లెక్క వేస్తే, వంద వేగంలో పోతున్న కారును 18 సార్లు నిలువునా ఆపినంత శక్తి అది. దారిలో నలుగురూ, లడ్డూ సంచులూ, డిక్కీ నిండా సామానూ. 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డే ఇప్పుడు దిగే దారి. దిగడానికి 40 నిమిషాల కంటే తక్కువ పట్టకూడదని దేవస్థానం పెట్టిన నియమం వేగం అదుపు కోసమే. దాన్ని పాటించే వాళ్లలోనూ చాలామంది న్యూట్రల్‌లోనో, నాలుగో గేరులోనో దిగుతూ, బ్రేకు మీద కాలు పెట్టి ఉంచేస్తారు. సగం లెక్క ఇంజను తీసుకోవాలి. రెండో గేరులో దిగితే తీసుకుంటుంది. గుత్తి లోకోషెడ్‌లో పనిచేసే వాళ్ల ఇళ్లలో ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. వాలులో దిగే డీజిల్ ఇంజను చక్రాలకు ఉన్న మోటార్లనే జనరేటర్లుగా మార్చి, పుట్టిన కరెంటును గ్రిడ్డుల్లో వేడిగా వదిలేస్తుంది. బ్రేకు బ్లాకులు అరగవు. అంత బరువున్న రైలే బ్రేకు మీద పూర్తిగా ఆధారపడనప్పుడు కారు ఎందుకు ఆధారపడాలి?

సరే, ప్యాడ్లలో రకాలు. ఆర్గానిక్ అనేవి మెత్తన. చప్పుడు చేయవు, డిస్కును తినవు, త్వరగా అరుగుతాయి. సెమీ మెటాలిక్‌లో ఇనుప పొడి, ఉక్కు పీచు కలుస్తాయి. వేడిని బాగా ఓర్చుకుంటాయి, కాస్త అరుస్తాయి, చక్రాల మీద నల్లటి పొడి రాలుస్తాయి. సిరామిక్ రకం ఖరీదు. నిశ్శబ్దం, శుభ్రం. గుత్తి ఆర్.ఎస్. నుంచి ఊళ్లోకి, వారానికోసారి గుంతకల్లుకో అనంతపురానికో తిరిగే చిన్న కారుకు సిరామిక్ కొనడం పట్టుచీర కట్టుకుని కళ్లంలోకి దిగినట్టే. బండితో పాటు ఫ్యాక్టరీలో ఏ రకం వచ్చిందో ఆ రకమే చాలు. ట్యాక్సీగా తిప్పుతూ నెలకు నాలుగుసార్లు కొండ ఎక్కి దిగే బండి అయితే మంచి కంపెనీ సెమీ మెటాలిక్ వేసుకోవడంలో అర్థం ఉంది. "లక్ష కిలోమీటర్లు చూడక్కర్లేదు" అని అమ్మే గట్టి ప్యాడ్ల జోలికి మాత్రం పోవద్దు. ప్యాడు అరగకపోతే డిస్కు అరుగుతుంది, డిస్కు ప్యాడు కంటే ఖరీదు.

ఇంకో విచిత్రం. ఈ నల్లటి ముక్క మొత్తం ఎక్కడో విదేశాల్లో పుట్టే మాయపదార్థం కాదు. అందులో బరువు కోసం, వేడికి నిలబడటం కోసం కలిపే ముఖ్యమైన పొడి బెరైటీస్. మన ముగ్గురాయే. ఓబులవారిపల్లె మండలం మంగంపేటలో ఉన్న ముగ్గురాయి నిల్వలు ప్రపంచంలోనే అతిపెద్ద వాటిలో ఒకటి. గుత్తి నుంచి తిరుమల పోయే కారు ఆ గనులకు దగ్గర్లోంచే వెళుతుంది.

కడప జిల్లాలో మరో రాయి కథ అంత మంచిది కాదు. పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లె గనుల్లో దొరికింది రాతినార, అంటే ఆస్‌బెస్టాస్. ఒకప్పుడు ప్రపంచమంతటా బ్రేకు లైనర్లకు అదే ప్రాణం. ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన, గుర్రబ్బళ్ల చెక్క బ్రేకుకు రైతులు పాత బూటు తోలు కొట్టి వాడుకోవడం చూసి, 1897లో మెరుగైన బ్రేకు ముక్కలు తయారు చేయడం మొదలుపెట్టాడు. ఫెరోడో అన్న పేరు ఆయన ఇంటిపేరులోని అక్షరాలను తిరగేసి, భార్య పేరులోని ఒక అక్షరం కలిపి పెట్టిందే. తర్వాతి కాలంలో ఆ ముక్కల్లోకి రాతినార చేరి దశాబ్దాల పాటు రాజ్యమేలింది. దాని పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే క్యాన్సరు వస్తుందని రుజువయ్యాక చాలా దేశాలు పూర్తిగా మానేశాయి. మన దేశంలో పూర్తి నిషేధం లేదు. పెద్ద కంపెనీల పెట్టెల మీద "ఆస్‌బెస్టాస్ ఫ్రీ" అని ఉంటుంది. పేరూ ఊరూ లేని పెట్టె మీద ఏముంటుంది? షెడ్డులో పదహారేళ్ల కుర్రాడు గాలి పైపు పెట్టి డ్రమ్ములోని దుమ్మును ఉఫ్‌మని ఊదేస్తుంటాడు. అది అతని ముక్కులోకే పోతుంది. గాలి కొట్టొద్దు, తడిగుడ్డతో తుడవమని బండి యజమాని ఒక్కమాట చెబితే ఆ పిల్లాడికి మేలు. అడగడానికి మొహమాటం అక్కర్లేదు, డబ్బులిచ్చేది మనమే కదా.

కొనేటప్పుడు చూడాల్సినవి. పెట్టె మీద తయారీదారు పేరు, చిరునామా, బ్యాచి నంబరు, మీ కారు మోడలు, ఏ సంవత్సరం బండికి సరిపోతుందో ఉండాలి. ఒకే పేరున్న కారుకు ఏడాదిని బట్టి ప్యాడు ఆకారం మారుతుంది, కాబట్టి ఆర్.సి. జిరాక్సు జేబులో పెట్టుకుని వెళ్లడం నయం. కొన్ని ప్యాడ్ల అంచున రెండు ఇంగ్లిషు అక్షరాలు కూడా ఉంటాయి: ఈఈ, ఎఫ్‌ఎఫ్, జీజీ వంటివి. మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా వేడెక్కినప్పటి పట్టు. ఈ అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45. ఈ అక్షరాలు ప్యాడు నాణ్యతకు సర్టిఫికెట్ కాదు, పట్టు ఎంతో చెబుతాయంతే. అయితే మొదటి అక్షరం ఎఫ్ ఉండి రెండోది ఈ ఉంటే, వేడెక్కినప్పుడు పట్టు తగ్గుతుందని ఆ ప్యాడే ఒప్పుకుంటున్నట్టు. నకిలీలు పేరున్న కంపెనీల పెట్టెల్లోనే ఎక్కువ వస్తాయి. బిల్లు ఇవ్వనన్న కొట్టులో కొనకపోవడమే మందు. చిన్న కారుకు అసలైన ప్యాడ్ల సెట్టు ఫుల్ ట్యాంకు పెట్రోలు ఖర్చు లోపే అవుతుంది. అదీ ఏడాదికోసారి పెట్టే ఖర్చు కూడా కాదు.

బిగించేటప్పుడు పక్కన నిలబడండి. టీకి పోవద్దు. రెండు చక్రాలకూ ఒకేసారి మార్చాలి, ఒకవైపే మారిస్తే బ్రేకు వేసినప్పుడు బండి పక్కకు లాగుతుంది. పాత ప్యాడ్లు చేతిలోకి తీసుకుని చూడండి. లోపలిది బాగా అరిగి, బయటిది మందంగా ఉంటే క్యాలిపర్ పిన్నులు పట్టేశాయని అర్థం. మన ఎర్రదుమ్ములో ఇది మామూలే. పిన్నులు శుభ్రం చేయించి, వాటికి పెట్టే గ్రీజే పెట్టించాలి. డిస్కు మీద కనీస మందం ఎంతో అచ్చువేసి ఉంటుంది. అంతకంటే తగ్గిపోయిన డిస్కును లేతు పట్టించి నెట్టుకురావడం వద్దు. పని అయ్యాక బండి కదలకముందే పెడలును నాలుగైదుసార్లు తొక్కి గట్టిపడిందో లేదో చూసుకోవాలి. కొత్త ప్యాడ్లు పెట్టడానికి పిస్టన్‌ను వెనక్కి నెట్టి ఉంటారు కాబట్టి మొదటి తొక్కుకు పెడలు నేలను తాకుతుంది. ఆ సంగతి తెలియక షెడ్డు గోడకు గుద్దిన బండ్లు ఉన్నాయి.

బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో కూడా అప్పుడే అడగాలి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్-3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకుండా ఉండాలి. తేమ పట్టాక ఆ హద్దు 140కి దిగిపోతుంది. డాట్-4కు ఆ అంకెలు 230, 155. ఘాట్‌లో ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పడితే ఎంత మంచి ప్యాడ్లున్నా పెడలు మెత్తగా కిందికి పోతుంది. రెండేళ్లకోసారి మార్చడం మంచిది.

ప్యాడ్లు కొత్తవైనంత మాత్రాన మొదటి రోజే పూర్తిగా పట్టవు. ముక్కా డిస్కూ ఒకదానికొకటి అలవాటు పడాలి. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు నెమ్మదిగా, అప్పుడప్పుడూ యాభై వేగంలోంచి పదికి తగ్గిస్తూ, మధ్యలో చల్లారనిస్తూ నడపాలి. మనవాళ్లు మాత్రం రేపు తెల్లారి కొండకు బయలుదేరాలనగా ఇవాళ సాయంత్రం షెడ్డుకు తీసుకుపోతారు. ప్రయాణానికి ఓ పది రోజుల ముందే ఆ పని చేయించుకుంటే ఊళ్లో తిరుగుళ్లతోనే అవి సర్దుకుంటాయి.

దిగేటప్పుడు ఎక్కడైనా కాలిన వాసన వస్తే రోడ్డు వెడల్పున్న చోట పక్కకు తీసి ఆపండి. చక్రాల మీద నీళ్లు పోయొద్దు, ఎర్రగా కాగిన డిస్కు వంకర పోతుంది. అరగంట ఊరకే వదిలేస్తే చల్లారుతుంది. రివర్స్ గేరులో ఉంచి, చక్రం కింద ఒక రాయి పెట్టండి. బయలుదేరేటప్పుడు ఆ రాయి తీసి రోడ్డు బయటకు విసిరేయండి, వెనక స్కూటర్ మీద దిగే వాళ్లకు అది కనపడదు.