గుట్టల్ని చెరిపేయకండి

బనగానపల్లె నుంచి యాగంటి పోయే దారిలోని నవాబు బంగళాను ఇప్పుడందరూ ‘అరుంధతి కోట’ అనే అంటున్నారు. అక్కడ తీసిన, 2009లో వచ్చిన ‘అరుంధతి’ సినిమా పుణ్యం. ఆ బంగళా ఫోటోలతోనే నాకు పేచీ. బంగళా ఒక్కటే మెరుస్తుంది, వెనకంతా మసక. ఫోన్‌లో వెనకను మసకబరిచే పోర్ట్రెయిట్ మోడ్ మనిషి ముఖానికి సరే, మేడకు అతకదు. ఫోన్ లెన్సు చిన్నది. మామూలుగా నాలుగైదు మీటర్లు దాటితే ఆకాశం దాకా అన్నీ స్పష్టంగానే పడతాయి. అంటే ఆ మసక తర్వాత పూసిందే. స్తంభాల సందుల్లో చూడండి, దొంగ దొరికిపోతాడు: అక్కడ గుట్ట ముక్క స్పష్టంగా ఉంటుంది, గోడ పక్కకొచ్చేసరికి అదే గుట్ట అలుక్కుపోయి ఉంటుంది. పిట్టగోడ అంచు ఎలుక కొరికినట్టుంటుంది. పైగా అంత కట్టడమూ బొమ్మరిల్లంత అయిపోతుంది. మసక తప్పదనుకుంటే గోడ మొదట్లోని నేలను ముట్టుకోకుండా, దూరం పెరిగేకొద్దీ కొంచెం కొంచెంగా పెంచాలి. నన్నడిగితే అదీ వద్దు. ఆ ఎండిన నేల, వెనక గుట్టలు లేకపోతే అది ఏ సీమ బంగళానో ఎవరికి తెలుస్తుంది? కరెంటు స్తంభం అడ్డొచ్చిందా, దాన్ని మసకతో దాచకండి, రెండడుగులు పక్కకు జరిగి మళ్లీ తీయండి.